స్మాల్ క్యాప్స్ ప్రింటులో సన్నబడిపోతున్నాయి, తప్పెక్కడ?

#1 బరంపురం బ్రోమైడ్

నమస్కారమండీ అందరికీ. మాది బరంపురంలో చిన్న డీటీపీ షాపు. పెళ్ళికార్డులు, బిల్లు పుస్తకాలు, కాలేజీ సావనీర్లు, ఇదే రోజూ పని. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ కొడతాం. ఈసారి కాస్త పెద్ద పని తగిలింది. గంజాం, గజపతి జిల్లాల్లో మనవాళ్ళు మాట్లాడే తెలుగు మీద ఒక మేడంగారు రాసిన పుస్తకం, 240 పేజీలు. పైన తెలుగు వాక్యం, దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ, ఆ కింద ఒక్కో ముక్కకీ వ్యాకరణం చీటీ. ‘పిల్లలకి’ అనే మాట ఉందనుకోండి, ‘ల’ కింద బహువచనానికి పీ-ఎల్, ‘కి’ కింద చతుర్థికి డీ-ఏ-టీ. ఈ చీటీలన్నీ స్మాల్ క్యాప్స్‌లోనే, అంటే చిన్నక్షరాల ఎత్తుండే క్యాపిటల్స్‌లోనే, ఉండాలట. భాషాశాస్త్రం వాళ్ళ రివాజట.

నేను పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వాటిని సెలెక్ట్ చేసి, స్మాల్ క్యాప్స్ షార్ట్‌కట్ కంట్రోల్ షిఫ్ట్ హెచ్ కొట్టేశాను. స్క్రీన్ మీద బాగానే ఉంది. లేజర్‌లో ట్రేసింగ్ తీసి, ప్లేటు చేయించి, ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, వేయించాం. అది చూసి మేడంగారు ఫోన్ చేశారు. ‘బాబూ, మీ చీటీలన్నీ ఉపవాసం చేస్తున్నట్టు ఉన్నాయేం?’ అన్నారు. నిజమే. పక్కనున్న మామూలు అక్షరాలు నల్లగా ఉన్నాయి, స్మాల్ క్యాప్స్ మాత్రం వెలిసిపోయినట్టున్నాయి. కొన్నిచోట్ల ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఎడంకాలు సగం లేచిపోయింది.

మిషన్ తప్పా, ప్లేటు తప్పా, నా తప్పా?

#2 ఇచ్ఛాపురం బండి

ఫాంటేంటి, సైజెంత, కాగితమేంటి? ఇవి చెప్పకుండా రోగం చెప్పమంటే ఎలగ?

#3 బరంపురం బ్రోమైడ్

తెలుగుకి పోతన, 12 పాయింట్లు. ఇంగ్లీషుకి మా సిస్టంలో ఎప్పట్నుంచో ఉన్న పాత టైమ్స్ ఫైలు, 10 పాయింట్లు. కాగితం 60 జీఎస్ఎం మ్యాప్‌లిథో. ఫోన్‌తో తీసిన ఫొటో పెడుతున్నాను.

#4 రాయగడ రంగులు

ఫొటో చూశాను. ముందే చెబుతున్నా, మిషన్ మీద పడకండి. పక్క లైన్లో తెలుగు నిండుగా వచ్చింది కదా! ఇంకు తగ్గినా, నీళ్ళు ఎక్కువైనా పేజీ మొత్తం ఏడుస్తుంది గానీ ఏరి ఏరి మీ చీటీలనే పట్టుకోదు. ఏ డీటీపీ వాళ్ళయినా ముందు మిషన్‌మ్యాన్‌నే అంటారు. ఇరవై ఏళ్ళుగా పడుతున్నాను ఈ మాట.

#5 జయపురం టెకీ

బ్రోమైడ్ అన్నా, తప్పు ఆ కంట్రోల్ షిఫ్ట్ హెచ్ దగ్గరే ఉంది. మీకు వచ్చినవి స్మాల్ క్యాప్స్ కావు, స్మాల్ క్యాప్స్ వేషం.

ఏటంటే, అసలు స్మాల్ క్యాప్స్ అంటే ఫాంటు గీసినాయన విడిగా కూర్చుని గీసిన అక్షరాలు. ఆకారం క్యాపిటల్‌దే, ఎత్తు మాత్రం చిన్న ‘ఎక్స్’ అక్షరమంత, లేదా దానికి పిసరు ఎక్కువ. గీత మందం పక్కనున్న చిన్నక్షరాల మందానికి తూగేలా గీస్తారు. వెడల్పు కొంచెం పెంచుతారు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి కొంచెం ఎక్కువ ఇస్తారు. ఓపెన్‌టైప్ ఫాంటులో ఇవి ‘ఎస్ఎంసీపీ’ అనే ఫీచర్ కింద ఉంటాయి. ఫాంటులో అవి ఉంటే మీ షార్ట్‌కట్ వాటినే తెస్తుంది. లేకపోతే ఇన్‌డిజైన్ నోరెత్తదు, చెప్పదు, గుట్టుగా పెద్ద క్యాపిటల్‌నే తీసి 70 శాతానికి కుదించి పెట్టేస్తుంది. ఆ 70 ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ టైప్ దగ్గర కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌లోనూ అదే 70, క్వార్క్‌లో 75. వర్డ్ అయితే ఫాంటులో నిజమైనవి ఉన్నా పట్టించుకోదు, ఎప్పుడూ కుదింపే.

ఇప్పుడు లెక్క చూడండి. టైమ్స్ రోమన్‌లో అక్షరం సైజుని వెయ్యి భాగాలనుకుంటే క్యాపిటల్ ఎత్తు 662, చిన్న ‘ఎక్స్’ ఎత్తు 450. 662లో 70 శాతం అంటే 463. ఎత్తు చక్కగా సరిపోయింది, అందుకే స్క్రీన్ మీద కన్ను మోసపోతుంది. మరి మందం? చిన్న ‘ఎల్’ నిలువుగీత 84. క్యాపిటల్‌ది సుమారు 100 అనుకోండి, 70 శాతానికి తెస్తే 70. అంటే పక్క అక్షరం కంటే ఆరో వంతు సన్నం. ఎత్తు కుదిరింది, ఒళ్ళు తగ్గింది. మేడంగారు ఉపవాసం అన్నది ఉత్తినే కాదు.

#6 రాయగడ రంగులు

దానికి నా లెక్క కూడా కలుపుకోండి. ట్రేసింగ్ తీసిన లేజర్ 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, అయితే ఒక చుక్క 0.12 పాయింటు. అక్షరంలో సన్నగీత వెయ్యికి 30 అనుకుంటే, 10 పాయింట్లలో అది 0.3, అంటే రెండున్నర చుక్కలు. 7 పాయింట్లకి దించితే 0.21, రెండు చుక్కలు కూడా లేవు. ట్రేసింగ్ మీద అది ఉండీ లేనట్టు ఉంటుంది. ప్లేటు ఎక్స్‌పోజ్ చేసేటప్పుడు వెలుగు పక్కనుంచి దూరి ఇంకాస్త కొరికేస్తుంది. ఆ పైన 60 జీఎస్ఎం కాగితం. ‘ఏ’ ఎడంకాలు అందుకే లేచిపోయింది. ఆ అక్షరంలో ఎడంకాలే సన్నం.

#7 బరంపురం బ్రోమైడ్

అమ్మో! నిజంగానే ఎడంకాళ్ళే పోయాయి, ఇప్పుడు భూతద్దం పెట్టి చూశాను. ‘వీ’కి మాత్రం కుడి గీత పోయింది.

#8 రాయగడ రంగులు

‘వీ’లో సన్నగీత కుడివైపే. సరిపోయింది.

#9 ఫుల్‌స్టాప్

అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. తెలుగు పుస్తకానికి ఇంత గొడవెందుకు? మన లిపిలో పెద్దక్షరాలూ లేవు, చిన్నక్షరాలూ లేవు. ఒడియాకీ లేవు. చీటీలు తెలుగులోనే ‘బహు.’, ‘చతు.’ అని పెడితే ఎవడు కాదంటాడు? 240 పేజీల్లో పీ-ఎల్ మందం కొలిచే పాఠకుడు నాకైతే ఇంతవరకూ కనపడలేదు.

#10 కొరాపుట్ కాఫీ

ఫుల్‌స్టాప్‌గారూ, నేను భాషాశాస్త్రంలోనే రిసెర్చి చేస్తున్నాను. మీరన్నట్టు తెలుగులో పెట్టొచ్చు, కేవలం తెలుగువాళ్ళే చదివేదైతే. కానీ ఇలాంటి పుస్తకాన్ని తెలుగు రానివాళ్ళు కూడా తెరుస్తారు. సవర, కువి లాంటి గిరిజన భాషల మీద పనిచేసేవాళ్ళకి మన సరిహద్దు తెలుగులో ఏం జరుగుతోందో కావాలి. వాళ్ళు చూసేది ఆ మూడో లైనే. లైప్‌జిగ్ గ్లాసింగ్ రూల్స్ అని ఒక పద్ధతి ఉంది, పదానికి అర్థం మామూలు అక్షరాల్లో, వ్యాకరణం చీటీ స్మాల్ క్యాప్స్‌లో. ఏది మాట, ఏది చీటీ అన్నది కంటికి తేలిగ్గా తెలియాలి. అలాగని చీటీలు మాటల మీద ఎక్కి కూర్చోకూడదు. పూర్తి క్యాపిటల్స్ పెడితే పేజీ నిండా ఎవరో అరుస్తున్నట్టుంటుంది. సన్నబడిపోతే అసలు చీటీ చదవడమే కష్టం. అందుకే మధ్యరకం.

అయినా ఇది కొత్తగా నెత్తిన పడ్డ బరువేం కాదు. పర్లాకిమిడిలో కూర్చుని సవర మాటల్ని రోమన్ అక్షరాల్లో పెట్టిన గిడుగు రామమూర్తిగారి రోజుల నుంచీ ఈ వైపు ప్రెస్సులకి రెండు మూడు లిపులు ఒకే పేజీలో ఇమిడ్చే పని ఉండనే ఉంది.

#11 ట్రెడిల్ తాత

గిడుగు వారి పేరు తెచ్చావు గనక ఊరుకోలేకపోతున్నానమ్మా. మాది పర్లాకిమిడే. నేను చేతి కంపోజింగులో పాతికేళ్ళు నిలబడినవాణ్ణి.

సీసం టైపులో ఈ దొంగతనం ఇంత సుళువు కాదు. ఇంగ్లీషు కేసులు రెండు, పైదీ కిందదీ. పైదాంట్లో ఒక పక్క పెద్ద క్యాపిటల్స్ గళ్ళు, రెండో పక్క స్మాల్ క్యాప్స్ గళ్ళు. విడిగా పోత పోసిన అచ్చులవి. కొనుక్కుంటే ఉంటాయి, కొనకపోతే గళ్ళు ఖాళీ. మా ప్రెస్సులో ఖాళీయే. ఆ గళ్ళలో మా యజమాని బీడీలు దాచుకునేవాడు.

మరి పుస్తకంలో స్మాల్ క్యాప్స్ అడిగితే? 10 పాయింట్ల లైన్లో 8 పాయింట్ల క్యాపిటల్స్ పెట్టి, పైనా కిందా లెడ్డు ముక్కలు దోపి, లైను సర్దేవాళ్ళం. అక్షరం ఒక వెంట్రుక పైకో కిందికో పోయేది, స్టిక్‌లోనే బూతులు తిట్టుకునేవాళ్ళం. అయినా ఒకటి చెబుతాను వినండి. మా నకిలీ మీ నకిలీ కంటే మేలు. ఎందుకంటే 8 పాయింట్ల అచ్చు 10 పాయింట్ల దాన్ని కుదించింది కాదు. సైజుకో అచ్చు విడిగా చెక్కేవారు, చిన్నసైజుకి గీతలు కాస్త లావుగా. అందుకని కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్ మీద నల్లగానే పడేవి. కంప్యూటర్ ఒక్క బొమ్మ దాచుకుని దాన్నే నొక్కుతుంది, సాగదీస్తుంది. రోగమంతా అక్కడుంది.

#12 ఇచ్ఛాపురం బండి

తాతగారూ, బీడీల సంగతి బంగారం.

#13 ప్రాణహిత ఒడ్డు

మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. గోదారి దాటితే తెలంగాణ. ఇక్కడ పెండ్లికార్డు మీద తెలుగు, మరాఠీ రెండూ ఉండాలె, ఇంగ్లీషు పేర్లు స్టైలుగ ఉండాలె. స్మాల్ క్యాప్స్ తోటి నాకైన సంగతి చెప్త, నవ్వుకోండి.

పోయిన మాఘమాసంల ఒక కార్డు చేసిన. పిల్ల పేరు ఇంగ్లీషుల స్మాల్ క్యాప్స్ స్టైలు చేసి పెట్టుకున్న. కింద తెలుగు పేరు పాత ఎన్‌కోడింగ్ ఫాంటుల ఉండె, యూనికోడ్ కాదు. రాత్రి పదకొండైంది, నిద్ర మత్తు. ఆ స్టైలు ఇంగ్లీషు లైనుతోటి తెలుగు లైనుకు సుత తగిలింది. నేను చూస్కోలె. పొద్దుగాల 300 కార్డులు కొట్టినంక పిల్ల తండ్రి ఒచ్చి చదివిండు. చదివి, ‘ఇది మా బిడ్డ పేరా, ఏదన్న మంత్రమా?’ అన్నడు. సగం అక్షరాలు వేరే అక్షరాలైనయి, పైకెల్లి చిన్నగైనయి. మళ్ల 300 నా పైసలతోటి కొట్టిన. నా తప్పే, ఎవల్ని అంటం?

ఎందుకట్లైందో ఇయ్యాల్టికీ పురాగ సమజ్ గాలె.

#14 జయపురం టెకీ

అన్నా, దానికి కారణం తేలికే. పాత ఎన్‌కోడింగ్ ఫాంట్లలో తెలుగుకి సొంత ఇల్లు లేదు, ఇంగ్లీషు అక్షరాల ఇళ్ళలో అద్దెకుంటుంది. చిన్న ‘ఏ’ గదిలో ఒక తెలుగు ముక్క, పెద్ద ‘ఏ’ గదిలో ఇంకో ముక్క. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అది తెలుగు అని తెలీదు, ఇంగ్లీషే అనుకుంటుంది. స్మాల్ క్యాప్స్ అనగానే చిన్నక్షరాల గదుల్లో ఉన్నవాళ్ళని పెద్దక్షరాల గదుల్లోకి మార్చి 70 శాతానికి కుదిస్తుంది. పెద్ద గదుల్లో ముందే ఉన్నవాళ్ళు కదలరు. అందుకే సగం మారాయి, సగం ఉన్నాయి. వర్డ్‌లో పాత ఫాంటుతో కొడుతుంటే వాక్యం మొదటి అక్షరం దానంతటదే ఇంకోటైపోవడం చూసే ఉంటారు, జబ్బు ఒకటే.

యూనికోడ్ తెలుగు మీద స్మాల్ క్యాప్స్ కొడితే ఏమీ కాదు, తెలుగుకి పెద్దా చిన్నా లేవని దానికి తెలుసు. బ్రోమైడ్ అన్నకి పోతన యూనికోడ్ కాబట్టి ఆ భయం లేదు.

#15 ప్రాణహిత ఒడ్డు

గట్లనా! అద్దె ఇండ్ల ముచ్చట మంచిగ చెప్పినవ్ తమ్మీ. 300 కార్డుల కింద ఇప్పుడు సమజైంది.

#16 రీల్స్ రాజా

ఇంత కష్టమెందుకు బ్రో, స్మాల్ క్యాప్స్ జనరేటర్ సైట్లు బోలెడున్నాయి. అక్కడ టైప్ చేసి కాపీ పేస్ట్ కొట్టు. నా బయో అంతా అదే.

#17 కొరాపుట్ కాఫీ

దయచేసి ఆ పని చెయ్యొద్దు. అవి స్మాల్ క్యాప్స్ కావు, ఉచ్చారణ రాయడానికి వాడే విడి గుర్తులు. చిన్న క్యాపిటల్ ‘ఆర్’ గుర్తు మా శాస్త్రంలో గొంతు వెనక అదిరించే ఒక ధ్వని. ఆ మేడం పుస్తకంలో అది పడితే అర్థమే మారిపోతుంది.

#18 జయపురం టెకీ

పైగా పీడీఎఫ్‌లో పీ-ఎల్ అని వెతికితే దొరకదు. ‘ఎక్స్’కి అలాంటి గుర్తే లేదు, సైటు వాడు మామూలు చిన్న ‘ఎక్స్’ పెట్టి మభ్యపెడతాడు. బయోకి చాలు.

#19 బరంపురం బ్రోమైడ్

సరే, నేను రెండ్రోజులు తిప్పలు పడ్డాను. వరసగా చెబుతాను.

మొదట నిజమైనవా, నకిలీవా ఎలా పోల్చాలో నేర్చుకున్నాను. పీడీఎఫ్‌ని అక్రోబాట్‌లో ఎడిట్ టూల్‌తో తెరిచి చీటీ మీద క్లిక్ చేస్తే సైజు 7 అని చూపించింది, పక్క మాట 10. దొంగ అక్కడే దొరికాడు. నిజమైనవైతే రెండూ 10 చూపించాలి కదా. ఇంకో పరీక్ష, 400 శాతం జూమ్ చేసి చీటీలోని ‘ఐ’ నిలువుగీతనీ పక్కమాటలోని ‘ఎల్’ గీతనీ పోల్చడం. పక్కపక్కన పెడితే కనబడిపోతుంది.

తర్వాత కొత్త ఫాంటు కొనే స్తోమత లేక ఒక నాటువైద్యం చేశాను. నా దగ్గరున్న ఇంకో ఫాంటులో సెమీబోల్డ్ ఉంది. క్యాపిటల్స్‌ని సెమీబోల్డ్‌లో పెట్టి, సైజు 7.5, అడ్డం 105 శాతం, అక్షరాల మధ్య ఎడం (ట్రాకింగ్) 20. మందం కుదిరింది! కానీ 240 పేజీల్లో ఎక్కడైనా సైజు మారిస్తే అన్నీ మళ్ళీ చేతితో మార్చాలి. రెండో అధ్యాయంలోనే నీరసం వచ్చింది.

#20 జయపురం టెకీ

నాటువైద్యం తప్పు కాదు, వేరే దారి లేనప్పుడు నేనూ అదే చేస్తాను. కానీ కొనక్కర్లేదన్నా. ఉచితంగా దొరికేవాటిలో నిజమైన స్మాల్ క్యాప్స్ ఉన్నవి చాలానే ఉన్నాయి. ఈబీ గారమండ్, లిబెర్టినస్, వోల్కార్న్, అలెగ్రేయా. విండోస్‌తో వచ్చే కేంబ్రియా, కాన్‌స్టాంటియా, కాలిబ్రిలో కూడా ఉన్నాయి, వర్డ్ వాటిని బయటికి తియ్యదు గనక చాలామందికి తెలీదు. లిబ్రాఫీస్‌లో అయితే ఫాంటు పేరు పక్కన కోలన్ పెట్టి ‘ఎస్ఎంసీపీ’ అని టైప్ చేస్తే వచ్చేస్తాయి.

మీ పనికి గారమండ్ వద్దంటాను. అందంగా ఉంటుంది గానీ సన్నం. పోతన పక్కన బక్కగా కనిపిస్తుంది.

#21 కొరాపుట్ కాఫీ

చారిస్ చూడండి. ఎస్ఐఎల్ సంస్థ ఉచితంగా ఇస్తుంది, మావాళ్ళు ఎక్కువగా వాడేది అదే. తెలుగు ఉచ్చారణకి కావలసిన కింద చుక్క ‘టీ’, ‘డీ’, ‘ఎన్’, పైన గీత ‘ఏ’ అన్నీ ఉంటాయి, స్మాల్ క్యాప్స్ కూడా నిజమైనవి.

#22 ట్రెడిల్ తాత

చారిస్ అంటే ఏ వంశం?

#23 జయపురం టెకీ

చార్టర్ వంశం తాతగారూ. మాథ్యూ కార్టర్ అనే ఆయన 1987లో బిట్‌స్ట్రీమ్ కోసం గీశారు. అప్పటి లేజర్ ప్రింటర్లు 300 డీపీఐవి, వాటి మీద కూడా విరగకుండా ఉండాలని సన్నగీతలు లావుగా, సెరిఫ్‌లు, అంటే గీతల చివర ఉండే తోకలు, చెక్క ముక్కల్లా కోసి పెట్టారు. రంగులుగారి 600 డీపీఐ ట్రేసింగుకి, 60 జీఎస్ఎం కాగితానికి ఇంతకంటే సరైన సంబంధం దొరకదు.

#24 ట్రెడిల్ తాత

కార్టర్ సరే. అచ్చు చెక్కడం చేతితో నేర్చుకున్నవాడు. సన్నగీత ఎక్కడ విరుగుతుందో అలాంటివాడికే తెలుస్తుంది.

#25 ప్రాణహిత ఒడ్డు

కాగితం అంటే గుర్తొచ్చింది. మా దిక్కు బల్లార్‌పూర్‌ల కాగితం మిల్లు, మీ దిక్కు రాయగడ పక్కన జేకేపూర్‌ల మిల్లు. మిల్లులు మన ఇంటి పక్కనే, కాగితం ధర మాత్రం మనకే ఎక్కువ పడ్తది.

#26 రాయగడ రంగులు

ఆ మాట తియ్యకండి, వేరే థ్రెడ్ కావాలి దానికి.

#27 బరంపురం బ్రోమైడ్

చారిస్ దించాను. పారాగ్రాఫ్ స్టైల్లో ఫాంటు మార్చాను, అంతే. నేను మొదట్లో షార్ట్‌కట్‌తో పెట్టిన స్మాల్ క్యాప్స్ గుర్తు చీటీలకి అలాగే ఉంది కాబట్టి నకిలీ పోయి అసలు వచ్చి కూర్చుంది. అక్రోబాట్‌లో క్లిక్ చేశాను, 10! ఇంత తేలికని తెలిస్తే సెమీబోల్డ్‌తో రెండు రాత్రులు పారబోసేవాణ్ణి కాదు.

కానీ మూడు తలనొప్పులు మిగిలాయి.

ఒకటి, సగం చీటీలు చిన్నగా మారాయి, సగం పెద్ద క్యాపిటల్స్‌లాగే నిలబడ్డాయి. రెండు, ‘3ఎస్‌జీ’ అనే చీటీలో 3 అంకె తాటిచెట్టులా పైకి లేచింది. మూడు, అన్నీ కుదిరినా తెలుగు లైను కింద చూస్తే చీటీలు మరీ గింజల్లా కనిపిస్తున్నాయి.

#28 జయపురం టెకీ

మొదటిది మేడంగారు టైప్ చేసిన తీరు. కొన్నిచోట్ల చిన్నక్షరాల్లో కొట్టారు, కొన్నిచోట్ల క్యాప్స్ లాక్ వేసి కొట్టారు. మామూలు స్మాల్ క్యాప్స్ చిన్నక్షరాలనే మారుస్తుంది, క్యాపిటల్స్ జోలికి పోదు. ఓపెన్‌టైప్ మెనూలో ‘ఆల్ స్మాల్ క్యాప్స్’ అని ఉంటుంది, అది క్యాపిటల్స్‌ని కూడా దించుతుంది. దాని ఫీచర్ పేరు ‘సీ2ఎస్‌సీ’. చీటీకి ఒక క్యారెక్టర్ స్టైల్ చేసి అందులో ఇది పెట్టండి. గ్రెప్ స్టైల్‌తో, ఇంగ్లీషు క్యాపిటల్స్ రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ వరసగా కనబడితే ఈ స్టైల్ వెయ్యి అని చెబితే పేజీ పేజీ తిరగక్కర్లేదు.

నన్నడిగితే చీటీలన్నీ క్యాపిటల్స్‌లో కొట్టించి ‘ఆల్ స్మాల్ క్యాప్స్’తో దించడమే మంచిది. రేపు ఎవరైనా ఆ పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే స్టైల్ రాలిపోతుంది. అప్పుడు కూడా చీటీ క్యాపిటల్స్‌లోనే ఉంటుంది, మాటతో కలిసిపోదు. చిన్నక్షరాల్లో కొడితే పీ-ఎల్ కాస్తా మామూలు మాట అనుకుంటారు.

#29 కొరాపుట్ కాఫీ

దీనికి నా ఓటు. నా సినాప్సిస్‌ని ఒక కాన్ఫరెన్సు వాళ్ళు వెబ్‌లో పెట్టినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. చీటీలు మాటల్లో కరిగిపోయి, నాకే నా వాక్యం అర్థం కాలేదు.

అంకె సైజు మాత్రం కాస్త తగ్గించండి. 3 నెత్తి చీటీతో సమానంగా వచ్చేదాకా.

#30 బరంపురం బ్రోమైడ్

గ్రెప్ పెట్టాను, పనిచేసింది. కానీ ముందుమాటలో మేడంగారి పేరు పక్కనున్న పీహెచ్‌డీలో చివర ‘డీ’ మిగిలి, ముందు రెండూ చిక్కిపోయాయి. వాళ్ళు పీ తర్వాత హెచ్ కూడా క్యాపిటల్‌లో కొట్టి, మధ్య చుక్క పెట్టి ‘డీ’ కొట్టారు. ఆ ఒక్కచోట చేత్తో తీసేశాను. డిగ్రీ చిక్కిపోతే ఎవరూరుకుంటారు!

అంకె బాగుంది. మూడోది తేలలేదు.

#31 ట్రెడిల్ తాత

మూడోది తేలదు నాయనా, ఎందుకంటే తప్పు ఇంగ్లీషు వైపు లేదు. ఇంగ్లీషు స్మాల్ క్యాప్స్ ఇంగ్లీషు చిన్నక్షరాల పక్కన నిలబడటానికి గీసినవి. మన అక్షరం గుండ్రం, నిండు, పైన తలకట్టు, కింద ఒత్తు. 12 పాయింట్ల ‘అ’ పక్కన 10 పాయింట్ల స్మాల్ క్యాప్ అంటే ఏనుగు పక్కన గొర్రె. నేనైతే ఇంగ్లీషు రెండు లైన్లనీ కలిపి ఒక అర పాయింటో, ముప్పావో పెంచుతాను. చీటీలనొక్కటే పెంచకు. పెంచావో, ఉచ్చారణ లైనుతో తగువు పడతాయి.

#32 ఫుల్‌స్టాప్

చూశారా, చివరికి మన అక్షరం దగ్గరికే వచ్చి ఆగారు. నేనన్నది అదే.

#33 కొరాపుట్ కాఫీ

మీరన్నది ‘అక్కర్లేదు’ అని. తాతగారన్నది ‘అర పాయింటు పెంచు’ అని. రెండూ ఒకటెలా అవుతాయండీ?

#34 ఫుల్‌స్టాప్

సరే తల్లీ, ఒప్పుకున్నాను. పుస్తకం వచ్చాక ఒకటి కొంటాను, చీటీల మందం కొలిచే మొదటి పాఠకుణ్ణి నేనే అవుతాను.

#35 బరంపురం బ్రోమైడ్

తాతగారి మాట ప్రకారం ఇంగ్లీషు లైన్లు 10.75 చేశాను. లైన్ల మధ్య ఎడం కొంచెం పెంచాల్సి వచ్చింది, ఒత్తుల కింద ఉచ్చారణ గుర్తులు తగులుతున్నాయి. 240 పేజీలు 248 అయ్యాయి. ఎనిమిది పేజీలు పెరిగాయంటే మేడంగారు ఏమంటారోనని భయపడుతూ ఫోన్ చేశాను. ‘పదహారో ఫారం సగంలో ఆగుతుంది కదా, మిగిలిన పేజీల్లో చీటీల పట్టిక వేద్దాం’ అన్నారు. నాకంటే ఆవిడకే ఫారం లెక్క బాగా తెలుసు.

రెండో ప్రూఫ్ నాలుగు పేజీలు అదే లేజరు, అదే ట్రేసింగు, అదే 60 జీఎస్ఎం మీద తీశాం. ‘ఏ’కి రెండు కాళ్ళూ ఉన్నాయి.

#36 రాయగడ రంగులు

మిషన్ కూడా అదేనా?

#37 బరంపురం బ్రోమైడ్

అదే మిషన్, అదే మిషన్‌మ్యాన్. మీ మాట మీద అతనికి క్షమాపణలు చెప్పాను, టీ ఇప్పించాను.

#38 ప్రాణహిత ఒడ్డు

అన్నా, నాదొకటి చిన్న అనుమానం. నేను కార్డులు కోరెల్‌ల చేస్త. అండ్ల స్మాల్ క్యాప్స్ రెండు మూడు తీర్ల కనబడ్తయి, ఏది కొట్టాలె?

#39 జయపురం టెకీ

కోరెల్ నిజాయితీగా చెబుతుందన్నా. ‘సింథసైజ్డ్’ అని పేరు పెట్టినది నకిలీ. ‘ఆటో’ అన్నది ఫాంటులో నిజమైనవి ఉంటే వాటిని తెస్తుంది, లేకపోతే నకిలీకి దిగుతుంది. కార్డు మీద పేరు 24 పాయింట్లలో ఉంటే నకిలీ అయినా గీత విరగదు. పెద్దక్షరం లావుగా, చిన్నవి సన్నగా కనిపిస్తాయి, అంతే తేడా. అక్కడ కూడా పెద్దక్షరాన్ని రెగ్యులర్‌లో, చిన్నవాటిని మీడియంలో పెడితే కప్పిపుచ్చొచ్చు. తెలుగు పేరు మీదికి మాత్రం ఆ స్టైల్ పోనివ్వకు.

#40 ప్రాణహిత ఒడ్డు

పోనియ్య. తెలుగు లైనును లాక్ చేసి పెడ్తున్న ఇప్పుడు.

#41 ట్రెడిల్ తాత

బ్రోమైడ్ నాయనా, ఫోన్లో ఫొటో నాకు ఆనదు. ఆ ప్రూఫ్ కాగితం ఒకటి పంపు, భూతద్దం కింద పెట్టి చూస్తాను.

#42 బరంపురం బ్రోమైడ్

రేపు పొద్దున్న పర్లాకిమిడి బస్సు కండక్టరుకి కవరు ఇస్తాను తాతగారూ. స్టాండులో తీసుకోండి.

#43 ట్రెడిల్ తాత

అట్ట పెట్టి పంపు. క్రితంసారి నాలుగు మడతలు పెట్టి పంపావు, మడతలోనే అక్షరం విరిగింది.